తోటికోడలు నవ్వుతుందని...

"మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు" అని మనకో సామెత వుంది. తనకి ప్రమోషను రాలేదని కాక పక్కసీటు వాడికి వచ్చిందని బాధపడే మనిషిని చూసినప్పుడల్లా వాడుతూనే వుంటాం. అందులో ఎవరికీ తప్పు కనిపించదు. కానీ ఒక్కసారి ఆ సామెతను విడదీసి చూడండి. మొగుడు కొట్టడం అందులో వార్త కాదు. వాన కురవడం, పొద్దు గుంకడం లాగా అది మామూలే. ఏడవాల్సిన విషయం పక్కవాళ్ళు చూడటం, చూసి నవ్వడం. తరతరాలుగా మన ఆడవాళ్ళకి దెబ్బకంటే నవ్వుకే ఎక్కువ భయపడమని నేర్పామన్నమాట.

ఆ పాఠాన్ని మనం సూట్‌కేసుల్లో ఆవకాయతోపాటు జాగ్రత్తగా కట్టుకుని ఈ దేశానికి తెచ్చుకున్నాం. ఇక్కడ తోటికోడలు లేదు. ఆ స్థానంలో మనం వున్నాం. శనివారం రాత్రి భోజనాలకి కలిసే పది కుటుంబాలు, గుడి, బాలవికాస్, మన సంఘం. దెబ్బ తిన్న ఆడమనిషి భయపడేది మన నవ్వుకే.

అందుకే పండగ సంచికలో ఇలాంటి విషయం ఏమిటని ఎవరైనా అనుకుంటే ఒక్క మనవి. మన కుటుంబాలన్నీ తీరిగ్గా కూచుని చదివేది ఈ ఒక్క పుస్తకమే. ఇందులో రాయకపోతే ఇంకెక్కడా రాయం.

ప్రశ్న సూటిగా ఇదీ: భార్యని కొట్టడం, ఆ పెళ్ళిని తెంచుకోవడానికి తగిన కారణమేనా?

భోజనాల తర్వాత ఎవరైనా ఈ మాట ఎత్తితే మనవాళ్ళ దగ్గర రెండు రకాల జవాబులు వస్తాయి. "అదేం ప్రశ్నండీ, తప్పకుండా కారణమే" అని అందరూ ఒకేసారి అంటారు. ఆ తర్వాత ఫలానా వాళ్ళ అమ్మాయి నిజంగానే ఇల్లు వదిలి వచ్చేసిందని తెలిసినప్పుడు, అదే నోళ్ళు "ఎంత కొట్టాడేమిటి? అంతమాత్రానికే?" అంటాయి. మొదటి జవాబు సిద్ధాంతం, రెండోది ఆచరణ. నేను మాట్లాడదలుచుకున్నది ఆ రెండో జవాబు గురించి.

మన ఇళ్ళలో ఇది లేదా?

"అవన్నీ చదువులేని వాళ్ళ ఇళ్ళల్లో అండీ, తాగొచ్చి కొడతారు" అనేవాళ్ళు ఇంకా వున్నారు. భారత ప్రభుత్వం 2019-21లో జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింసకు గురయ్యామని చెప్పినవాళ్ళు దేశం మొత్తంలో నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో సుమారు 37. అంతకంటే నన్ను కలవరపెట్టిన అంకె ఇంకొకటి. చెప్పకుండా బయటికి వెళ్ళడం, పిల్లల్ని సరిగా చూడకపోవడం, ఎదురు చెప్పడం, వంట బాగా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చదివి వినిపించి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని ఆడవాళ్ళనే అడిగారు. సబబేనన్నవాళ్ళు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది! దేశంలో ఇంత ఎక్కువ సంఖ్య మరెక్కడా లేదు. మనం ఆ గడ్డ మీద పుట్టి పెరిగిన వాళ్ళమే.

ఇక అమెరికా సంగతి. 2002లో బోస్టన్ ప్రాంతంలో 160 మంది దక్షిణాసియా స్త్రీలని అడిగి చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. వాళ్ళలో ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్ళే. ప్రస్తుత భర్త లేదా భాగస్వామి చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్ళు నూటికి 40 మంది పైగా. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్ళు నూటికి ముగ్గురు. ఇది చిన్న అధ్యయనమే, దీన్నిబట్టి మన అందరి ఇళ్ళ లెక్కా కట్టలేం. కానీ ఎం.ఎస్. డిగ్రీ, మూడు పడకగదుల ఇల్లు ఇందుకు విరుగుడు కావని తెలుసుకోవడానికి ఇది చాలు.

నేను ఫామిలీ ప్రాక్టీసు డాక్టర్ని. మెట్ల మీంచి జారిపడ్డానని చెప్పే ఆడవాళ్ళని చూస్తూ వుంటాను. మెట్ల మీంచి పడితే అరచేతులకి, మోకాళ్ళకి, మడమలకి దెబ్బలు తగులుతాయి. పై చేతి లోపలివైపు నాలుగు వేళ్ళ ముద్రలు పడవు. భర్త పక్కనే నిలబడి అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెబుతూ వుంటే, పరీక్ష చెయ్యాలి కాస్త బయట కూర్చోమని చెప్పడం మాకు నేర్పిన మొదటి పాఠం. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ విషయంలో డాక్టర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. దెబ్బలలోకెల్లా చూసి తీరాల్సింది గొంతు నొక్కడం. చాలాసార్లు పైకి మచ్చ కూడా కనబడదు. భర్త ఒకసారి గొంతు నులిమిన స్త్రీ ఆ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం సుమారు ఏడు రెట్లు ఎక్కువని పరిశోధకులు తేల్చారు. ఇంట్లో తుపాకీ వుంటే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుంది. "ఎంత కొట్టాడేమిటి" అని అడిగే పెద్దలు ఈ రెండు అంకెలూ గుర్తు పెట్టుకోవాలి.

"ఆయనకి కోపం ఎక్కువ"

కొన్నేళ్ళ క్రితం మా వూళ్ళో ఒక ఇంట్లో రాజీ పంచాయతీ జరిగింది. ఆ అమ్మాయి రెండు రోజులుగా స్నేహితురాలి ఇంట్లో వుంది. నలుగురు మగవాళ్ళం, ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో ఆ దంపతులు. కాఫీలు అయ్యాయి. ఒకాయన మొదలుపెట్టారు: "వాడి మనసు వెన్నమ్మా, కోపం వస్తేనే మనిషి కాడు." ఇంకొకాయన ఆఫీసులో లేఆఫుల గురించి, ఒత్తిడి గురించి చెప్పారు. ఆ అమ్మాయి తల వంచుకుని కార్పెట్ కేసి చూస్తోంది.

ఆ ఇంటివారి తల్లిగారు ఆర్నెల్ల వీసా మీద తెనాలి నుంచి వచ్చి వున్నారు. డెబ్భై దాటిన మనిషి. ఓ మూల కూచుని చిక్కుళ్ళు తీస్తున్నారు. అంతా విని, ఆ కుర్రాణ్ణి ఒకే ఒక్క మాట అడిగారు: "ఆఫీసులో నీ పైవాడి మీద ఎప్పుడైనా చెయ్యెత్తావా నాయనా?"

అతను లేదన్నాడు.

"ఆయన మీద కోపం రాలేదా?"

అతను మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఆవిడ మళ్ళీ చిక్కుళ్ళ పనిలో పడ్డారు.

ఈ విషయం మీద నేను చదివిన పుస్తకాలన్నిటి సారం ఆ రెండు ప్రశ్నల్లో వుంది. కోపం అదుపు తప్పితే అందరి మీదా తప్పాలి. ట్రాఫిక్ పోలీసు టిక్కెట్టు రాస్తే "యెస్ సార్" అంటాం, మేనేజరు కేకలేస్తే నవ్వుతాం, ఇంటికొచ్చాక మాత్రం కోపం ఆగదంటాం. ఎక్కడ చెయ్యెత్తితే చెల్లుతుందో ఆ చేతికి బాగా తెలుసు. దాన్ని కోపం అనడం కన్నా అధికారం అనడం న్యాయం. 1981లో మిన్నెసోటాలోని డులూత్ పట్టణంలో, కొట్టే మగవాళ్ళ కోసం మొదలైన కార్యక్రమానికి పునాది కూడా ఈ ఆలోచనే. అలాంటి క్లాసులవల్ల మారినవాళ్ళూ వున్నారు, మారనివాళ్ళూ వున్నారు. మారతాడని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

మరొక మాట. 1979లో లెనోర్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ హింస ఒక చక్రంలా తిరుగుతుందని రాసింది. మొదట ఇంట్లో వాతావరణం బిగుసుకుంటుంది, తర్వాత దెబ్బలు, ఆ తర్వాత పూలగుత్తులు, ఏడుపులు, ఇంకెప్పుడూ జరగదన్న ఒట్లు. మన రాజీ పంచాయతీలు సరిగ్గా ఆ మూడో దశలోనే జరుగుతాయి. అందుకే ప్రతి పంచాయతీ విజయవంతం అవుతుంది. మేమే కలిపామని తృప్తిగా ఇంటికి వస్తాం. కొన్ని నెలల తర్వాత మళ్ళీ మొదటి దశ మొదలైందని మనకెవరూ ఫోన్ చేసి చెప్పరు.

శాస్త్రం ఏమంటుంది?

పెళ్ళి సంస్కారం, అగ్నిసాక్షిగా వేసిన ముడి, దాన్ని తెంచడం మన ధర్మంలో లేదు అనే వాదన బలమైనదే. దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ ఆ అగ్నిసాక్షిగా ప్రమాణం చేసింది ఎవరు? కన్యాదానం వేళ "నాతిచరామి" అనిపించేది వరుడి చేత. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెని అతిక్రమించనని మాట ఇచ్చేది అతను. సప్తపదిలో ఏడో అడుగు స్నేహం కోసం. చెయ్యెత్తిన రోజున ఆ మాట పోయింది, ఆ స్నేహం పోయింది. కాబట్టి పెళ్ళి తెగేది ఆమె గడప దాటిన రోజున కాదు, అంతకుముందే. ఆమె చేసేదల్లా తెగిపోయిందని నలుగురికీ చెప్పడం.

పూర్వం విడిపోవడమే లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పరస్పర ద్వేషం వుంటే విడిపోవచ్చని ఒప్పుకున్నాడు, ధర్మవివాహాలకు మాత్రం అది చెల్లదన్నాడు. ఏ పరిస్థితుల్లో స్త్రీ మరో భర్తని పొందవచ్చో పరాశర స్మృతి అయిదు ఆపదలు చెప్పింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో వితంతు వివాహాల కోసం వాదించింది దాని ఆధారంగానే. మన పల్లెల్లో చాలా కులాల్లో కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మళ్ళీ పెళ్ళాడే ఆచారం ఎప్పటినుంచో వుంది. మారుమనువు అన్న తెలుగు మాట మనకి ఇంగ్లీషువాడు నేర్పింది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆ ఆచార విడాకుల్ని అలాగే వుంచింది.

అయితే ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. పరాశరుడి అయిదు ఆపదల్లో దెబ్బలు లేవు. 1955 చట్టంలో కూడా క్రూరత్వానికి విడిగా వుండే హక్కు మాత్రమే ఇచ్చారు, విడాకుల హక్కు ఇవ్వలేదు. అంటే దెబ్బలు తిన్న భార్య వేరే కాపురం వుండవచ్చు, కానీ ఆ కారణం చూపి నేరుగా విడాకులు అడిగే వీల్లేదు. 1976 సవరణతో గాని క్రూరత్వం విడాకులకు కారణం కాలేదు. అదే సవరణతో పరస్పర అంగీకారంతో విడాకులు కూడా వచ్చాయి. ఆ తర్వాత 1983లో 498-ఏ సెక్షను, 2005లో గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ చట్టం వచ్చాయి. మన అమ్మల తరానికి లేని హక్కులు ఇవి. అమ్మ సర్దుకుపోయింది కదా అని కూతురికి చెప్పేముందు, అమ్మకి వేరే దారి వుందా అని కూడా అడగాలి.

అమెరికావాళ్ళు మనకంటే ముందే పుట్టారనుకోనక్కర్లేదు. 1874లో నార్త్ కరొలైనా సుప్రీం కోర్టు భార్యని కొట్టే హక్కు భర్తకి లేదని తీర్పు చెప్పింది. ఆ వాక్యం పక్కనే, శాశ్వతమైన గాయం కానప్పుడు మాత్రం తెర దించేసి, లోకం చూడకుండా, వాళ్ళనే క్షమించుకుని మర్చిపోనివ్వడం మంచిదని కూడా రాసింది. మా లివింగ్ రూములో కాఫీ తాగిన పెద్దలు ఆ తీర్పు చదవలేదు గానీ, చెప్పింది అదే. భార్య తనంతట తాను కోర్టుకి వెళ్ళి రక్షణ ఉత్తర్వు తెచ్చుకునే చట్టం 1976లో పెన్సిల్వేనియాలో వచ్చింది. తరవాత మిగిలిన రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి.

పిల్లల కోసం...

నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం ఇదొక్కటే. తండ్రి లేని ఇల్లు, రెండు ఇళ్ళ మధ్య తిరిగే పిల్లలు, ఇవి చిన్న కష్టాలు కావు. కానీ పోల్చాల్సింది సుఖంగా వున్న రెండు తలుపుల ఇంటితో కాదు, పక్కగదిలో దిండు చెవులకి అదుముకుని పడుకునే పిల్లవాడి ఇంటితో. 1998లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనకి కైజర్ పర్మనెంటే ఆస్పత్రుల సంస్థ, ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి పునాది వేశాయి. మొత్తంమీద 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని బాల్యంలో ఎదురైన చెడు అనుభవాల గురించి అడిగారు. తల్లిని కొడుతుంటే చూడటం ఆ జాబితాలో వుంది. అలాంటి అనుభవాలు నాలుగు, అంతకంటే ఎక్కువ వున్నవాళ్ళలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు, అవేమీ లేనివాళ్ళకంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. గుండెజబ్బులు కూడా ఎక్కువే. పిల్లల కోసమే భరిస్తున్నానని చెప్పే తల్లి త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ త్యాగఫలం పిల్లలకి అందడం లేదని డాక్టరుగా చెప్పక తప్పదు.

విడాకులు తేలికైతే సంసారాలన్నీ కూలిపోతాయన్న భయం కూడా పరీక్షకు నిలిచిందో లేదో చూద్దాం. కాలిఫోర్నియాలో 1970 నుంచి తప్పు నిరూపించకుండానే విడాకులు తీసుకోవచ్చు. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క ఏడాదిలో ఆ బాట పట్టింది. న్యూయార్క్ అందరికన్నా ఆఖరున, 2010లో. ఆ తేడాల్ని ఆసరాగా తీసుకుని బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వుల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఒక లెక్క కట్టారు. ఒక్కరి కోరిక మీదే విడాకులు దొరికే చట్టం వచ్చిన రాష్ట్రాల్లో స్త్రీల ఆత్మహత్యలు నూటికి 8 నుంచి 16 వరకూ తగ్గాయి. ఇంట్లో హింస సుమారు 30 శాతం తగ్గింది. విడిపోయిన ఇళ్ళవల్ల మాత్రమే తగ్గి వుండదని వాళ్ళ ఊహ. తలుపు తెరిచి వుందని తెలిస్తే లోపలున్నవాళ్ళు కూడా చేతులు దగ్గర పెట్టుకుంటారు! వెళ్ళే హక్కు వున్నచోటే కలిసి వుండటానికి విలువ.

వీసా, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు

మన ఆడవాళ్ళ మెడకి ఇంకో ముడి వుంది. అది ఇమ్మిగ్రేషన్. హెచ్-4 వీసా మీద వచ్చిన అమ్మాయి భర్త వీసాకి వేలాడుతూ వుంటుంది. చాలాకాలం పాటు ఆ వీసా మీద వున్న ఎవ్వరికీ ఉద్యోగం చేసే వీల్లేదు. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన కొందరికి మాత్రం 2015 నుంచి అనుమతి దొరికింది. విడాకులు అయిన రోజున ఆ వీసా హోదా పోతుంది. కాబట్టి "వెళ్ళిపో, ఎక్కడికి పోతావో చూస్తాను" అన్న మాటకి ఇక్కడ వున్నంత బలం గుంటూరులో కూడా లేదు.

ఆ మాట ఎంతవరకు నిజమో ప్రతి కుటుంబానికీ తెలిసి వుండాలి. 1994లో వచ్చిన స్త్రీలపై హింస నిరోధక చట్టం ప్రకారం, భర్త సిటిజనో గ్రీన్ కార్డుదారుడో అయివుండి కొడుతుంటే, భార్య అతనికి చెప్పకుండా తనకి తానే గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ హింస కారణంగా విడాకులు అయివుంటే రెండేళ్ళలోపు పెట్టుకోవాలి. రెండేళ్ళ షరతు మీద గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళు, కొట్టే భర్త సంతకం లేకుండానే షరతు తీయించుకునే మినహాయింపు 1990 నుంచీ వుంది. హెచ్-1 వీసా వాళ్ళ భార్యలకి ఈ దారి లేదు. కానీ నేరానికి గురై పోలీసులకి సహకరించిన వాళ్ళకి యు-వీసా 2000లో వచ్చింది. దానికి ఏడాదికి 10,000 పరిమితి కాబట్టి ఏళ్ళ తరబడి వేచివుండాలి. హింసకు గురైన హెచ్-4 భార్యలకి ఉద్యోగ అనుమతి ఇవ్వవచ్చని 2005 చట్టం చెప్పింది. ఆ దరఖాస్తులు తీసుకోవడం 2017లో మొదలైంది. ఈ దరఖాస్తుల సమాచారం భర్తకి చెప్పకూడదని కూడా చట్టమే అంటుంది. ఎవరి పరిస్థితికి ఏది వర్తిస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాలి, శనివారం పార్టీలో మనం కాదు.

ఇక మన తెలుగువాళ్ళ కేసే ఒకటి భారత సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1975లో తిరుపతిలో పెళ్ళయిన జంట. భర్త మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయీ కౌంటీ కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఒప్పుకోలేదు, పోరాడింది. 1991లో సుప్రీం కోర్టు ఆమె పక్షాన తీర్పు చెబుతూ, ఏ చట్టం కింద పెళ్ళయిందో ఆ చట్టంలోని కారణాలతో, రెండో పక్షం మనస్ఫూర్తిగా హాజరైన కోర్టులో ఇచ్చిన డిక్రీయే మన దేశంలో చెల్లుతుందని స్పష్టం చేసింది. భార్యని ఇండియాలో దింపి వచ్చి, ఇక్కడ గుట్టుగా డిక్రీ తెచ్చుకునే పెద్దమనుషులకి అడ్డుగోడ ఆ తీర్పు. విడిపోదలిచిన ఆడవాళ్ళకి కూడా ఇందులో జాగ్రత్త వుంది. ఇక్కడి డిక్రీ అక్కడా చెల్లేట్టు మొదటినుంచే లాయరుతో చూసుకోవాలి.

రెండు అభ్యంతరాలు

"తప్పుడు కేసుల సంగతేమిటి?" అంటారు. అవి లేవని నేననను. అందుకే 498-ఏ కింద వెంటనే అరెస్టు చెయ్యకుండా, ముందు అవసరమో కాదో చూడాలని 2014లో సుప్రీం కోర్టు పోలీసుల్ని కట్టడి చేసింది. దొంగనోట్లు వున్నాయని జీతం వద్దనుకోం కదా. నిజమో అబద్ధమో తేల్చడానికి కోర్టులున్నాయి. మనం చెయ్యాల్సింది వినడం. "మగవాళ్ళు దెబ్బలు తినరా?" అని కూడా అంటారు. తింటారు. ఇక్కడి చట్టాలు భార్యాభర్తలిద్దరికీ ఒకటే. ఈ వ్యాసంలో భర్త అన్నచోట భార్య అని చదువుకున్నా నా జవాబు మారదు.

ఇంకో అపోహ కూడా పోవాలి. తగిన కారణం అన్నంత మాత్రాన, ప్రతి దెబ్బకీ విడాకులే మందు అని అర్థం కాదు. వుండాలా, వెళ్ళాలా, కొన్నాళ్ళు విడిగా వుండి చూడాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. ఎందుకంటే ఎప్పుడు వెళ్తే ప్రాణానికి ప్రమాదమో కూడా ఆమెకే బాగా తెలుసు. విడిపోతున్న రోజులే అన్నిటికన్నా అపాయకరమైనవని అనుభవజ్ఞులంతా చెబుతారు. "ఇవాళే వచ్చెయ్యి" అని తొందరపెట్టడం కూడా "సర్దుకుపో" అన్నట్టే, ఆమె బదులు మనం నిర్ణయించడమే.

మనం ఏం చెయ్యగలం?

1985లో న్యూజెర్సీలో కొందరు భారతీయ స్త్రీలు మానవి అనే సంస్థ పెట్టారు. ఈ దేశంలో దక్షిణాసియా స్త్రీల కోసం ఇలాంటిది అదే మొదటిది. తర్వాత న్యూయార్క్‌లో సఖి 1989లో, కాలిఫోర్నియాలో మైత్రి 1991లో, నారిక 1992లో, అట్లాంటాలో రక్ష 1995లో, హ్యూస్టన్‌లో దయ 1996లో వచ్చాయి. 1996లోనే దేశమంతటికీ ఒక టెలిఫోన్ సహాయ కేంద్రం మొదలైంది. నంబరు 1-800-799-7233, రాత్రీ పగలూ పలుకుతుంది. ఈ నంబరు మన సంఘం డైరెక్టరీ వెనక అట్ట మీద, క్యాటరింగ్ ప్రకటనల పక్కనే వేయాలని నా మొదటి విన్నపం.

రెండోది, ఇంట్లో దెబ్బలున్నాయని తెలిసిన చోట రాజీ పంచాయతీలు మానుకుందాం. కొట్టినవాణ్ణీ దెబ్బలు తిన్నామెనూ ఒకే సోఫాలో కూచోబెట్టి "నీ బాధేమిటో చెప్పమ్మా" అంటే ఆమె నిజం చెప్పదు. చెబితే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. ఆమెతో విడిగా, ఆడవాళ్ళు మాట్లాడాలి. పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్ల కాపీలు నమ్మకస్తుల ఇంట్లో దాచుకోమని చెప్పాలి.

మూడోది ఇండియాలో వున్న తల్లిదండ్రుల గురించి. "చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా ఓపిక పట్టమ్మా" అనే నాన్నలు దుర్మార్గులు కారు, వాళ్ళకి వున్న భయం నిజమైనదే. ఇక్కడ వున్న మనలో ఒకరు వాళ్ళకి ఫోన్ చేసి, "మీ అమ్మాయి తప్పు లేదు, మేమున్నాం" అని చెబితే ఆ భయం సగం తీరుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న కూలి మనుషులు వాళ్ళు. తాగొచ్చి మొగుడు కొట్టడం ఎవరింట్లో వాళ్ళు గుట్టుగా ఏడ్చుకునే విషయంగా వున్నంతకాలం ఏమీ జరగలేదు. బడిలో అందరూ కలిసి కూచుని, అది తమందరి కథా ఒకటేనని తెలుసుకున్న రోజున వూళ్ళకి వూళ్ళే కదిలాయి. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. అక్షరం పూర్తిగా రానివాళ్ళు చేసిన పని అది. ఇన్ని డిగ్రీలున్న మనకి, ఆ ఒక్కటి బయటికి మాట్లాడటానికి ఇంత మొహమాటం ఎందుకు?

ఉగాది పచ్చడిలో చేదు కూడా వుంటుందిగా, సంసారమూ అంతే అని ఆడపిల్లలకి చెబుతూ వుంటాం. నిజమే. కానీ వేపపువ్వు చిటికెడు వేస్తారు. చెట్టంతా తినమని ఏ పెద్దలూ చెప్పలేదు.

నా జవాబు ఇదీ: అవును, అది తగిన కారణమే. మరో కారణం వెతకక్కర్లేదు, ఎన్ని దెబ్బలో లెక్క చెప్పక్కర్లేదు, ఎముక విరగక్కర్లేదు. ఈ మాట చెప్పడం తేలికే. ఇది నిజంగా మన జవాబో కాదో తేలేది మన తరవాతి పండగ రోజున. ఆ హాల్లోకి ఒకామె పిల్లవాడి చెయ్యి పట్టుకుని, పక్కన భర్త లేకుండా వస్తుంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు "ఇలా రామ్మా, ఇక్కడ కూచో" అని తన పక్కకుర్చీ లాగేది ఎవరు? పిల్లల పుట్టినరోజులకి ఆమెని ఎప్పట్లాగే పిలిచేది ఎవరు? కొట్టిన మనిషిని మాత్రం ఏమీ జరగనట్టు వేదికమీదికి పిలిచి దండ వేయకుండా ఆగేది ఎవరు?

తోటికోడలు నవ్వడం మానేస్తే ఆ సామెత దానంతట అదే చచ్చిపోతుంది.